మీకు తెలుసా? పొడవైన రాత్రికి పెట్టిన దీపాలు

డిసెంబరు 21నో 22నో హైదరాబాదులో పొద్దున ఆరూ నలభై దాటితే గానీ సూర్యుడు పొడవడు, సాయంత్రం ఆరు కాకముందే గుంకుతాడు. ఏడాదిలో అతి చిన్న పగలు అదే అయినా మనకు పదకొండు గంటల ఎండ దక్కుతుంది కాబట్టి పెద్దగా పట్టించుకోం. లండన్‌లో ఆ రోజు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో నాలుగు గంటలే. నార్వే ఉత్తరాన ట్రోమ్సో అనే ఊళ్లో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు కనిపించనే కనిపించడు. జనవరి 21న ఆ ఊరివాళ్లు 'సూర్యుడి రోజు' చేసుకుంటారు. నూనెలో వేయించి లోపల జామ్ పెట్టిన గుండ్రటి రొట్టెలకు వాళ్లు పెట్టుకున్న పేరు కూడా సూర్యుడిదే. బేకరీల ముందు జనం వరసలు కడతారు.

నడిచలికాలం చుట్టూ ఇన్ని పండుగలు ఎందుకు గుమిగూడాయో అర్థం కావాలంటే ఆ ఊరిని ఒక్కసారి తలుచుకుంటే చాలు. ఒక్కో పండుగకు ఒక్కో కథ, ఒక్కో దేవుడు. కొన్నింటికి దేవుడే లేడు. కానీ తారీఖుల వెంట నడిస్తే చాలా దారులు ఆ పొడవైన రాత్రి దగ్గరికే చేరతాయి. నాకు ఈ తారీఖుల ముచ్చటే అన్నిటికంటే ఇష్టం. అక్కడే మొదలుపెడతాను.

సంక్రాంతి జరుగుతూ వస్తోంది

స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు మకర సంక్రాంతి! ఇప్పుడు సంక్రాంతి జనవరి 14నో 15నో వస్తోంది. మన తాతముత్తాతల కాలం నుంచి పండుగ మెల్లగా ముందుకు జరుగుతోందన్నమాట.

కారణం భూమి ఇరుసు. తిరిగే బొంగరం తల ఎలా ఊగుతుందో ఇరుసు కూడా అలాగే ఊగుతూ ఒక చుట్టు పూర్తిచేయడానికి దాదాపు 26,000 ఏళ్లు తీసుకుంటుంది. మన పంచాంగం సూర్యుణ్ణి నక్షత్రాల మధ్య చూసి లెక్కకడుతుంది. ఇంగ్లీషు క్యాలెండరు రుతువుల్ని పట్టుకుని నడుస్తుంది. ఈ రెండు లెక్కలకూ ఏడాదికి 20 నిమిషాలే తేడా. ఆ ఇరవై నిమిషాలే పోగుపడి 71, 72 ఏళ్లకు ఒక రోజవుతుంది. వెనక్కి లెక్క పెట్టుకుంటూ పోతే సుమారు క్రీస్తుశకం మూడో శతాబ్దంలో సూర్యుడు మకరంలో అడుగుపెట్టడం, ఆకాశంలో ఉత్తరానికి మళ్లడం ఒకే రోజు జరిగేవి. ఆనాడు సంక్రాంతి అచ్చంగా పొడవైన రాత్రి మర్నాటి పండుగ. ఇప్పుడు సూర్యుడు నిజంగా మళ్లిన మూడు వారాలకు గానీ మనం ఉత్తరాయణ పుణ్యకాలం అనుకోవడం లేదు. నాకిది లోపంగా తోచదు. ఆనాటి ఆకాశం ఎలా ఉండేదో పదిహేడు వందల ఏళ్లుగా మన పంచాంగం గుర్తుపెట్టుకుని ఉంది.

డిసెంబరు 25, జనవరి 7, డిసెంబరు 13: మూడూ ఒక్క రాత్రి అడుగుజాడలే

జూలియస్ సీజర్ సంస్కరించిన క్యాలెండరులో రోమన్లు అతి పొడవైన రాత్రిని డిసెంబరు 25కు కట్టారు. యేసు జననానికి కూడా అదే తేదీ ఉన్న అతి పాత ఆధారం రోములో 354 నాటి ఒక పంచాంగ సంకలనంలో దొరుకుతుంది. చర్చి ఆ రోజునే ఎందుకు ఎంచుకుందన్న దాని మీద పండితుల వాదన ఇంకా తెగలేదు. కానీ వెలుగు తిరిగొచ్చే రోజు అని రోములో అందరూ నమ్మిన తారీఖు అది.

సీజర్ లెక్కలో ఏడాది కొద్దిగా పొడవు. 128 ఏళ్లకు ఒక రోజు తప్పుతూ వచ్చింది. ఆ తప్పు వల్ల 13, 14 శతాబ్దాల నాటికి పొడవైన రాత్రి డిసెంబరు 13 దగ్గరికి వచ్చి పడింది. అది సెయింట్ లూసియా రోజు. స్వీడన్‌లో నేటికీ ఆ తెల్లవారుజామున తెల్ల గౌను తొడుక్కున్న అమ్మాయి తల మీద కొవ్వొత్తుల కిరీటంతో పాడుకుంటూ వస్తుంది, కుంకుమపువ్వు వేసి చేసిన పసుపు రంగు రొట్టెలు పంచుతారు. క్యాలెండరు సరిదిద్దాక పొడవైన రాత్రి తన చోటికి తాను వెళ్లిపోయింది. లూసియా మాత్రం 13నే ఉండిపోయింది.

1582లో పోప్ గ్రెగరీ పది రోజులు తీసేసి లెక్క సరిచేసినప్పుడు రష్యా, సెర్బియా వంటి ఆర్థడాక్స్ చర్చిలు ఒప్పుకోలేదు. వాళ్లకు క్రిస్మస్ ఇప్పటికీ డిసెంబరు 25నే; ఆ రోజు మన గోడ మీద క్యాలెండరులో జనవరి 7 అవుతుంది. 2100 సంవత్సరం దాటాక అది జనవరి 8కి జరుగుతుంది. ఉక్రెయిన్ 2023లో ఈ పాత తారీఖును వదిలి డిసెంబరు 25కు మారింది. రష్యాతో యుద్ధం అక్కడ క్యాలెండరు దాకా వచ్చింది.

అల్జీరియా, మొరాకోల్లోని అమజీగ్ ప్రజల్లో అత్యధికులు ముస్లింలు. వాళ్ల కొత్త సంవత్సరం 'యెన్నాయెర్' జనవరి 12 నుంచి 14 మధ్య వస్తుంది. సరిగ్గా మన భోగి, సంక్రాంతి రోజుల్లో. అది కూడా సీజర్ క్యాలెండరులోని జనవరి ఒకటే! పొలం పనులకు రైతులు ఆ పాత లెక్కనే వాడుకుంటూ వచ్చారు. అల్జీరియా 2018 నుంచి, మొరాకో 2024 నుంచి దానికి జాతీయ సెలవు ఇస్తున్నాయి.

ధనుర్మాసం దేవతల తెల్లవారుజాము

మన ఏడాది దేవతలకు ఒక రోజు. ఉత్తరాయణం పగలు, దక్షిణాయనం రాత్రి. అంటే మన నెల వాళ్లకు రెండు గంటలు. ఈ లెక్కన దక్షిణాయనంలో ఆఖరిదైన ధనుర్మాసం తెల్లవారడానికి ముందరి రెండు గంటలవుతుంది. నెల పొడవునా చీకటితో లేవడం, ముగ్గులు, హరిదాసు చిడతలు, పొంగలి నైవేద్యం అన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే. తిరుమలలో ఏడాదంతా వినిపించే సుప్రభాతం ఆ నెల రోజులు వినిపించదు. దాని చోట ఆండాళ్ తిరుప్పావై చదువుతారు. పాశురాలు ముప్పై, రోజులు ముప్పై.

గుహలో పదిహేడు నిమిషాల ఎండ

ఐర్లండ్‌లో బోయిన్ నది లోయలో న్యూగ్రేంజ్ అనే పెద్ద మట్టిదిబ్బ ఉంది. క్రీస్తుపూర్వం 3200 ప్రాంతంలో కట్టిన సమాధి అది. గిజా పిరమిడ్ల కంటే పాతది. లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి. ద్వారం పైన రాళ్లతో పేర్చిన చిన్న కిటికీ లాంటి సందు ఉంటుంది. పొద్దున ఎండ ఆ దిబ్బలోకి వస్తుందని చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకునేవారు. తవ్వకాలు జరిపించిన ఆచార్యుడు మైకేల్ ఓకెల్లీ ఆ మాట కొట్టిపారేయలేదు. 1967 డిసెంబరు 21 తెల్లవారుజామున ఒక్కడే లోపల చీకట్లో కూర్చున్నాడు. సూర్యుడు పొడవగానే ఆ పై సందులోంచి సన్నని కిరణం నేల వెంట పాకి గర్భాన్ని వెలిగించింది. 17 నిమిషాలు ఉండి వెనక్కి తగ్గింది. కట్టినవాళ్ల భాష ఏమిటో, దేవుడెవరో చెప్పే రాత ముక్క ఒక్కటీ లేదు. ఐదు వేల ఏళ్ల తర్వాత ఓకెల్లీ చూసిన ఆ వెలుగే వాళ్లు వదిలిన మాట. ఇప్పుడు ఆ ఉదయం లోపల నిలబడటానికి ఏటా లాటరీ తీస్తారు.

ఇది చదివిన శ్రీకాకుళం వాళ్లకు అరసవల్లి గుర్తొస్తుంది. సూర్యనారాయణస్వామి పాదాలను కిరణాలు తాకేది మార్చి 9 నుంచి 11 వరకు, మళ్లీ అక్టోబరు 1 నుంచి 3 వరకు. ఈ రెండు తేదీలకు పొంతన ఏమిటా అని నేనోసారి వేళ్ల మీద లెక్కపెట్టాను. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21కి ఎనభై రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10కి డెబ్బై తొమ్మిది. పొడవైన రాత్రికి అటూ ఇటూ సమదూరంలో ఉన్న ఆ రెండు రోజుల్లో సూర్యుడు తూర్పున ఒకే చోట పొడుస్తాడు! దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి స్వామి పాదాలు తాకి పోతాడన్నమాట. నాకు ఆ లెక్క తేలిన రోజు ఎంత సంతోషమైందో చెప్పలేను.

చలికాలంలో పుచ్చకాయ

ఇరాన్‌లో అతి పొడవైన రాత్రి పేరు 'యల్దా'. ఇల్లంతా పెద్దవాళ్ల దగ్గర చేరుతుంది. తాతగారి ఇంటికో అమ్మమ్మ ఇంటికో వెళ్లి తెల్లవారే దాకా మేలుకుంటారు. దానిమ్మ గింజలు, బాదం పిస్తాలు, వాటి మధ్య వేసవి నుంచి దాచిపెట్టిన పుచ్చకాయ. ఈ రాత్రి పుచ్చకాయ తిన్నవాళ్లను రాబోయే ఎండాకాలం వేడి బాధించదని నమ్మకం. దానిమ్మ ఎరుపు, పుచ్చ ఎరుపు తూర్పున పొడిచే వెలుగుకు గుర్తులు.

ఆ తర్వాత హాఫిజ్ పద్యాలు తీస్తారు. మనసులో ఒక కోరిక అనుకుని పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చదివి, ఇంట్లో పెద్దవాళ్లు దానికి అర్థం చెబుతారు. ఈ 14వ శతాబ్దపు షిరాజ్ కవికి మన దక్కనుతో ఒక చిన్న ముడి ఉంది. గుల్బర్గాలోని బహమనీ సుల్తాను కొలువు నుంచి ఆయనకు ఆహ్వానం వెళ్లిందట. హోర్ముజ్ రేవు దాకా వచ్చి, ఓడ ఎక్కి, తుఫాను చూసి దిగిపోయాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు.

'యల్దా' అన్న మాట పారశీకం కాదు. తూర్పు క్రైస్తవుల సిరియాక్ భాషలో 'పుట్టుక' అని దాని అర్థం. ఆచారం వేళ్లు ఇస్లాం రాకముందరి ఇరాన్‌లో ఉన్నాయి. నేడు చేసుకునేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. మూడు నమ్మకాలు ఒకే దుప్పటి కింద కూర్చున్న రాత్రి ఇది. 2022లో ఇరాన్, అఫ్గానిస్తాన్ కలిసి దీన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించాయి.

రోజుకో దీపం పెంచాలా, తగ్గించాలా?

యూదుల హనుక్కా ఎనిమిది రాత్రుల పండుగ. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో సెల్యూసిడ్ రాజు అపవిత్రం చేసిన జెరూసలేం ఆలయాన్ని మక్కబీ సోదరులు గెలిచి, శుద్ధి చేసి మళ్లీ దీపం వెలిగించారు. ఒక్క రోజుకు సరిపడా నూనె ఎనిమిది రోజులు వెలిగిందని కథ. అందుకే నూనెలో వేగిన వంటలే పండుగ వంటలు. ఆలుగడ్డ తురుముతో చేసే అట్లు, జామ్ పెట్టిన గారెల్లాంటి తీపి రొట్టెలు. బూరెలు, అరిసెలు లేనిదే పండుగ కాదనే మనకు ఈ ఆచారం ఇట్టే అర్థమవుతుంది.

దీపాల వరస మీద రెండు వేల ఏళ్ల కిందట రెండు గురుకులాలు వాదించుకున్నాయి. మొదటి రాత్రి ఎనిమిది వెలిగించి రోజుకొకటి తగ్గించాలంది షమ్మాయ్ పక్షం. ఒకటితో మొదలుపెట్టి రోజుకొకటి పెంచాలంది హిల్లెల్ పక్షం. పవిత్రమైనది పెరగాలే గానీ తరగకూడదని వాళ్ల మాట. హిల్లెల్ మాటే నిలిచింది. ఇంకో నియమం నాకు ఎంతో నచ్చుతుంది. ఆ దీపాల వెలుతురులో ఏ పనీ చేయకూడదు, చదవను కూడా కూడదు. ఊరికే చూడాలి. మిగతా వాటిని వెలిగించడానికి తొమ్మిదో దీపం వేరే ఉంటుంది.

యూదులది కూడా మనలా చంద్రుడి నెలలు, అధికమాసాలు కలిపే పంచాంగమే. హనుక్కా కిస్లేవ్ నెల 25న మొదలవుతుంది. మన లెక్కలో అది కార్తీక, మార్గశిరాల ప్రాంతంలో బహుళ దశమి. ఎనిమిది రాత్రుల మధ్యలో అమావాస్య పడుతుంది. పొడవైన రాత్రులు, అందులో వెన్నెల లేని రాత్రులు. దీపం అవసరం అప్పుడే ఎక్కువ. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను యూదులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు అక్కడ సొంత ప్రార్థనామందిరం ఉంది.

ఒకే ఏడాదిలో రెండు రంజాన్‌లు

ఇస్లాం పంచాంగంలో అధికమాసం లేదు. ఏడాదికి 354 రోజులు. అందుకే ముస్లింల పండుగలు ఏటా పదకొండు రోజులు వెనక్కి నడుస్తూ అన్ని రుతువులూ చుట్టివస్తాయి. చలికాలానికని కట్టుబడిన పండుగ లేదు. కానీ 2030లో జనవరి మొదట్లో ఒక రంజాన్, డిసెంబరు ఆఖరివారంలో మరో రంజాన్ మొదలవుతాయి. ఉత్తర దేశాల్లో ఆ ఉపవాసాలు ఎంత తేలికో చెప్పక్కర్లేదు. నడివేసవిలో రంజాన్ వచ్చిన ఏళ్లలో అక్కడివాళ్లు పద్దెనిమిది గంటలు మంచినీళ్లు ముట్టకుండా ఉన్నారు.

ఎనభై ఒక్క రేకుల పూలకొమ్మ

చైనాలో పొడవైన రాత్రి రోజును 'దోంగ్‌జీ' అంటారు. ఉత్తరాదివాళ్లు మాంసం కూరిన కుడుములు తింటారు, దక్షిణాదివాళ్లు బియ్యప్పిండి ఉండలను తియ్యటి పాకంలో వేసుకుంటారు. ఆ రోజు నుంచి చలి తొమ్మిది తొమ్మిదుల లెక్కలో, అంటే ఎనభై ఒక్క రోజుల్లో పోతుందని నమ్మకం. వెనకటి రోజుల్లో ఇళ్లలో ఒక కాగితం మీద ప్లమ్ పూల కొమ్మ బొమ్మ గీసుకునేవారు. తొమ్మిది పూలు, పూవుకు తొమ్మిది రేకులు, రంగు లేకుండా. రోజుకొక రేకుకు ఎరుపు అద్దేవారు. ఆఖరి రేకు అద్దే నాటికి బయట వసంతం. చలిని ఓర్చుకోవడానికి ఇంత అందమైన ఉపాయం నేను మరెక్కడా వినలేదు.

కొరియాలో అదే రోజు ఎర్ర అలసందల్లాంటి గింజలతో జావ కాస్తారు. ఆ ఎరుపుకు దయ్యాలు భయపడతాయని ఒకప్పుడు గుమ్మాల మీద కూడా చల్లేవారు. జావలో వేసే బియ్యప్పిండి ఉండలు ఎవరి వయసెంతో అన్ని తినాలి. జపాన్‌లో యూజు అనే నిమ్మజాతి పండ్లు తేలే వేడినీళ్లలో స్నానం చేసి గుమ్మడికాయ తింటారు.

క్రిస్మస్ చేసుకుంటే జరిమానా

నిషేధించింది అన్యమతస్తులు కాదు, క్రైస్తవులే. అమెరికాలోని మసాచుసెట్స్ బే వలసలో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటూ దొరికితే ఐదు షిల్లింగుల జరిమానా. బైబిల్లో ఆ తేదీ లేదు కాబట్టి అది మనుషులు కల్పించిన పండుగ అని అక్కడి ప్యూరిటన్ క్రైస్తవుల వాదం. స్కాట్లండ్‌లో డిసెంబరు 25 సెలవు రోజయింది 1958లో.

మన దగ్గర మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది. కరవు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ తలపెట్టిన కట్టడం, పదేళ్లు పట్టింది. ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన రంగుటద్దాల కిటికీల్లో ఒకటి యేసు పుట్టుకది. లోపల ఎన్ని దీపాలు పెట్టినా ఆ బొమ్మలు కనిపించవు. బయటి నుంచి ఎండ పడాలి. పొద్దు గుంకితే అద్దం నల్లబడిపోతుంది.

తెలుగు క్రైస్తవుల సెమీ క్రిస్మస్ అన్న మాట వేరే దేశంవాళ్లకు చెప్పి చూడండి, అర్థం కాదు. డిసెంబరు మొదలయ్యాక ఆఫీసులో, కాలేజీలో, వీధిలో అసలు రోజుకు ముందే చేసుకునే పండుగ అది. కోస్తా ఊళ్లలో ఆ నెల ఒకే వీధిలో ఒక గడప ముందు ముగ్గులో గొబ్బెమ్మ, పక్క గడప పైన వెలిగే కాగితం నక్షత్రం ఉంటాయి. అరిసెల పాకం వాసన రెండిళ్లలోనూ ఒకటే.

దేవుడు లేని చెట్టు

సోవియట్ రష్యాలో విప్లవం తర్వాత క్రిస్మస్ చెట్టు మతచిహ్నమని తరిమేశారు. 1935 డిసెంబరు 28న ప్రావ్దా పత్రికలో పావెల్ పోస్తిషెవ్ అనే నాయకుడి ఉత్తరం అచ్చయింది. పిల్లలకు చెట్టు తిరిగివ్వండి, కొత్త సంవత్సరం పేరుతో ఇవ్వండి అని. నాలుగు రోజుల్లో చెట్లు తిరిగొచ్చాయి. కొమ్మ చివర బేత్లెహేం నక్షత్రం ఉండే చోట ఎర్ర నక్షత్రం వచ్చింది. పిల్లలకు కావలసింది చెట్టు, దీపాలు, తీపి. అవి దక్కాయి.

అమెరికాలో మతం పాటించని మానవవాదులు 2001 నుంచి డిసెంబరు 23న 'హ్యూమన్ లైట్' చేసుకుంటున్నారు. ఆఫ్రికన్ అమెరికన్ల క్వాంజా డిసెంబరు 26 నుంచి వారం రోజులు సాగుతుంది. 1966లో మౌలానా కరెంగా దాన్ని మొదలుపెట్టాడు. స్వాహిలీ భాషలో 'తొలి పంట' అన్న మాట నుంచి వచ్చిన పేరు. రోజుకొక కొవ్వొత్తి చొప్పున ఏడు.

జూన్‌లో నడిచలికాలం

భూమధ్యరేఖకు దిగువన అంతా తారుమారు. పెరూలోని కుస్కోలో ఇంకాల సూర్యపూజ 'ఇంతి రైమి' జూన్ 24న జరుగుతుంది. స్పెయిన్ పాలకులు 1572లో నిషేధించిన ఆ పండుగను 1944లో ఊరివాళ్లు మళ్లీ నిలబెట్టుకున్నారు. న్యూజిలాండ్ మావోరీలకు కొత్త ఏడాది నడిచలికాలంలో తెల్లవారుజామున 'మతారికి' చుక్కలు కనిపించినప్పుడు వస్తుంది. 2022 నుంచి దేశమంతటికీ సెలవు. ఆ చుక్కలు మరేవో కావు, మన కృత్తికలే.

అంటార్కిటికాలో మతం ఏదైనా అందరికీ ఒకటే పండుగ, జూన్ 21. మన మైత్రి స్థావరం దగ్గర ఆ రోజుల్లో దాదాపు రెండు నెలలు సూర్యుడు కనిపించడు. దేశదేశాల స్థావరాలు ఆ రోజు పని ఆపి విందు చేసుకుంటాయి, ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకుంటాయి.

ఇక సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్ల సంక్రాంతి. పంచాంగం ఉత్తరాయణం అంటుంది, సూర్యుడు నిజంగానే ఉత్తరానికి వెళుతుంటాడు. అంటే వాళ్ల నుంచి దూరంగా. అక్కడ జనవరి మండు వేసవి. పగళ్లు రోజురోజుకూ తరుగుతుంటాయి. ఎండ, గాలి ముదిరిన రోజుల్లో అడవులు అంటుకుంటాయని ప్రభుత్వం ఆరుబయట నిప్పు వెలిగించడాన్ని పూర్తిగా నిషేధిస్తుంది. అలాంటి రోజు భోగి వస్తే ఒక్క పిడక కాల్చడానికి వీల్లేదు. సాయంత్రం పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి రేగుపళ్లు, చిల్లర నాణేలు, పూలరేకులు కలిపి నెత్తిన పోయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. రేగుపండుకు మనవాళ్లు పెట్టిన మరో పేరు అర్కఫలం, అంటే సూర్యుడి పండు.